సాఫ్ట్‌వేర్ నోటిఫికేషన్లకు సరైన భాషను ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

యాప్‌లు, వెబ్ సేవలు, డెస్క్‌టాప్ ప్రోగ్రాములు తయారుచేసేవారికీ, వాటిలో కనిపించే సందేశాలను రాసేవారికీ, అనువదించేవారికీ పనికివచ్చేలా ఈ ప్రశ్నలను, జవాబులను కూర్చాం. వీటన్నిటి వెనక ఉన్న నియమం ఒక్కటే. నోటిఫికేషన్ ఏ భాషలో ఉండాలన్నది దాన్ని చదివే మనిషిని బట్టి తేలాలి. దాన్ని పంపిన యంత్రాన్ని బట్టి గాని, దానికి కారణమైన మరో వ్యక్తిని బట్టి గాని తేలకూడదు.

యాప్ మొత్తాన్ని ఎలాగూ అనువదిస్తున్నాం కదా, నోటిఫికేషన్ల భాష గురించి విడిగా ఆలోచించడం ఎందుకు?

యాప్ తెర కనిపించేటప్పుడు వినియోగదారు మన ఎదుటే ఉంటారు. ఆ క్షణాన ఆయన ఫోను లేదా బ్రౌజరు తన భాష ఏదో చెబుతూనే ఉంటుంది కాబట్టి సరైన భాషలో చూపించడం తేలిక. నోటిఫికేషన్ మాత్రం చాలాసార్లు వినియోగదారు యాప్‌లో లేని సమయంలో పుడుతుంది. అర్ధరాత్రి నడిచే ఒక పని, మరొకరు నొక్కిన ఒక బటన్, గడువు ముగిసిన ఒక టైమర్ దాన్ని పుట్టిస్తాయి. ఆ సమయంలో ఆ వినియోగదారుకు సంబంధించిన సెషన్ ఉండదు, బ్రౌజరు పంపే వివరమూ ఉండదు.

చదివే పరిస్థితి కూడా వేరు. తాళం వేసిన ఫోను తెర మీద అది కొన్ని క్షణాలే కనిపిస్తుంది. తెలియని భాషలో ఉంటే అక్కడ భాష మార్చుకునే మెనూ ఏదీ ఉండదు. వేలితో పక్కకు నెట్టేయడం ఒక్కటే మిగులుతుంది. అలా నెట్టేసినది చెల్లింపు విఫలమైందన్న కబురు కావచ్చు, కొత్త పరికరం నుంచి ఎవరో తమ ఖాతాలోకి ప్రవేశించారన్న హెచ్చరిక కావచ్చు. తెరల అనువాదంలో ఎంత జాగ్రత్త పడతామో నోటిఫికేషన్లలో అంతకంటే ఎక్కువ జాగ్రత్త పడాలని మేము గట్టిగా చెప్పేది ఇందుకే.

ఒకరు చేసిన పని గురించి మరొకరికి నోటిఫికేషన్ వెళ్లినప్పుడు ఎవరి భాషను తీసుకోవాలి?

అందుకునేవారి భాషనే తీసుకోవాలి. చెప్పడానికి ఇది తేలికగానే ఉంటుంది, కాని నోటిఫికేషన్ల విషయంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం ఇదే. అది ఎలా పుడుతుందో కాస్త దగ్గరగా చూడడం మంచిది.

ఫ్రెంచిలో యాప్ వాడుతున్న ఒక వ్యక్తి, తెలుగులో వాడుతున్న సహోద్యోగి పత్రంపై వ్యాఖ్య రాశారనుకుందాం. వ్యాఖ్యను భద్రపరిచే కోడ్, ఆ రిక్వెస్ట్ (రాసినవారి యాప్ నుంచి సర్వర్‌కు వచ్చిన అభ్యర్థన) నడుస్తుండగానే నోటిఫికేషన్‌ను కూడా తయారుచేస్తుంది. చాలా ఫ్రేమ్‌వర్క్‌లలో ‘ప్రస్తుత భాష’ అనేది నడుస్తున్న రిక్వెస్ట్‌కు ముడిపడి ఉంటుంది. అనువాద ఫంక్షన్ ఎవరినీ అడగకుండా దాన్నే తీసుకుంటుంది. ఫలితంగా తెలుగు వినియోగదారుకు ఫ్రెంచి నోటిఫికేషన్ చేరుతుంది. రాసినవారు పరీక్షించినప్పుడు ఈ లోపం బయటపడదు, ఎందుకంటే పరీక్ష ఖాతాలన్నీ ఒకే భాషలో ఉంటాయి.

ఆ పనిని వెనక నడిచే క్యూలోకి, అంటే పనులు తమ వంతు కోసం వేచి ఉండే వరుసలోకి, మారిస్తే లోపం పోదు, రూపం మార్చుకుంటుంది. క్యూలో రిక్వెస్ట్ లేదు కాబట్టి సర్వర్ అప్రమేయ (డిఫాల్ట్) భాష, అంటే చాలా చోట్ల ఇంగ్లీషు, అందరికీ వెళుతుంది. ఇంతకంటే ఇబ్బందికరమైన మూడో రూపం కూడా ఉంది. క్యూలోని పనులను చేసే ప్రోగ్రాము, అంటే వర్కర్, ఒక పని కోసం భాషను జర్మన్‌కు మార్చి, పని అయ్యాక తిరిగి యథాస్థితికి తేవడం మరచిపోతే, తర్వాత వచ్చిన పని తాలూకు సందేశం కూడా జర్మన్‌లోనే వెళ్లిపోతుంది. ఇది ఎప్పుడో ఒకప్పుడు, ఎవరో ఒకరికి మాత్రమే జరుగుతుంది. వినియోగదారు ఫిర్యాదు చేసినా మళ్లీ చేసి చూపించడం కుదరదు.

మూడింటికీ మందు ఒక్కటే. నోటిఫికేషన్లను తయారుచేసే కోడ్‌లో ‘ప్రస్తుత భాష’ అన్న భావననే వాడకూడదు. అనువాద ఫంక్షన్‌కు భాషను తప్పనిసరి ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వాలి, ఆ భాషను అందుకునేవారి ప్రొఫైల్ నుంచి తేవాలి. పది మందికి వెళ్లే సందేశమైతే ఒకసారి తయారుచేసి పది మందికి పంపకుండా, ఒక్కొక్కరి భాషలో విడివిడిగా తయారుచేయాలి. వ్యాఖ్యలోని మాటలను మాత్రం రాసినవారు ఏ భాషలో రాశారో ఆ భాషలోనే ఉంచాలి. వాటి చుట్టూ ఉండే వాక్యమే అందుకునేవారి భాషలోకి మారాలి.

వినియోగదారు భాష ఏదో తెలుసుకోవడానికి ఏ ఆధారాలను ఏ వరుసలో చూడాలి?

వినియోగదారు స్వయంగా చెప్పినది అన్నిటికంటే ముందు. మీ యాప్‌లో లేదా ఖాతా సెట్టింగ్‌లలో భాషను ఎంచుకునే వీలు ఉండి, వారు ఎంచుకుని ఉంటే ఇక వేరే ఆధారం వెతకనక్కరలేదు. రెండోది, ఫోను సెట్టింగ్‌లలో మీ యాప్‌కు మాత్రమే వారు పెట్టుకున్న భాష. ఐఫోన్లలో ఈ సదుపాయం 2019లో ఐఓఎస్ 13తోనూ, ఆండ్రాయిడ్‌లో 2022లో ఆండ్రాయిడ్ 13తోనూ వచ్చింది. మూడోది పరికరం భాషల జాబితా. నాలుగోది, వెబ్‌లో బ్రౌజరు పంపే యాక్సెప్ట్-లాంగ్వేజ్ హెడర్. ఇందులో ఒక్కో భాషకూ సున్నా నుంచి ఒకటి దాకా ప్రాధాన్యపు విలువ ఉంటుంది. ఇవేవీ లేనప్పుడే మీ ఉత్పత్తి అప్రమేయ భాష.

ఇక్కడ ఒక మాట. పరికరం ఇచ్చేది జాబితా అని గుర్తుంచుకోవాలి. ఆండ్రాయిడ్‌లో 2016 నాటి 7.0 వెర్షన్ నుంచీ వినియోగదారులు ఒకటి కంటే ఎక్కువ భాషలను వరుసగా పెట్టుకోగలుగుతున్నారు. ఒకరి జాబితాలో కొంకణి, తెలుగు, ఇంగ్లీషు ఆ వరుసలో ఉండి, మీ యాప్‌లో కొంకణి లేకపోతే, ఎంచుకోవలసింది తెలుగును. మొదటి భాష దొరకలేదని నేరుగా ఇంగ్లీషులోకి దూకే కోడ్ ఇప్పటికీ చాలా ఉంది. అది వినియోగదారు చెప్పిన మాటలో సగమే విన్నట్టు.

భాషతోపాటు అది ఎలా తెలిసిందో కూడా భద్రపరచాలి: ఎంచుకున్నదా, ఊహించినదా? ఊహించినది ఎంచుకున్నదాన్ని ఎప్పటికీ చెరపకూడదు. ప్రయాణంలో ఎవరిదో కంప్యూటర్ నుంచి ఒక్కసారి లాగిన్ అయినందుకు, ఆ బ్రౌజరు భాష ఖాతా భాషగా మారిపోయి, ఆ తర్వాత ఈమెయిళ్లన్నీ అర్థంకాని భాషలో రావడం ఈ తేడాను భద్రపరచనందువల్లే జరుగుతుంది.

ఐపీ చిరునామాను బట్టి దేశం తెలుస్తుంది కదా, దాన్నుంచి భాషను నిర్ణయించకూడదా?

నిర్ణయించకూడదు. స్విట్జర్లాండ్‌కు నాలుగు జాతీయ భాషలు, బెల్జియంకు మూడు అధికార భాషలు ఉన్నాయి. భారత రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నాయి. దేశం తెలిసినంత మాత్రాన వీటిలో ఏది ఎంచుకోవాలో తెలియదు. పైగా మనుషులు ప్రయాణిస్తారు, వేరే దేశాలకు వెళ్లి స్థిరపడతారు, వీపీఎన్ వాడతారు. కరెన్సీకి, వర్తించే నిబంధనలకు దేశం పనికివస్తుంది. భాష విషయంలో దాన్ని పక్కన పెట్టడమే మేలు.

భాషల జాబితాలో జెండాలు పెట్టవచ్చా?

వద్దు. జెండా దేశానికి గుర్తు. స్పానిష్ దాదాపు ఇరవై దేశాలలో అధికార భాష. వాటిలో ఏ జెండా పెట్టినా మిగిలినవారిని పక్కకు నెట్టినట్టే. ప్రతి భాష పేరునూ ఆ భాషలోనే, ఆ లిపిలోనే రాయాలి. పొరపాటున తెలియని భాషలో చిక్కుకున్నవారు తమ లిపిని చూసి వెనక్కి రాగలుగుతారు. ఈమెయిల్ నోటిఫికేషన్ల అడుగున కూడా భాష మార్చుకునే లంకె ఇవ్వడం మంచి అలవాటు.

భాషను డేటాబేస్‌లో ఏ రూపంలో భద్రపరచాలి?

భాషలను గుర్తించే ప్రామాణిక కోడ్ అయిన బీసీపీ 47 ట్యాగ్ రూపంలో. దీని వాక్యనిర్మాణాన్ని నిర్వచించే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 5646 2009లో వెలువడింది. ఇందులో భాషకు ఐఎస్ఓ 639, లిపికి ఐఎస్ఓ 15924, ప్రాంతానికి ఐఎస్ఓ 3166 కోడ్‌లను ఆ వరుసలో కలుపుతారు. రెండక్షరాల భాషా కోడ్ సరిపోతుందని రెండక్షరాల కాలమ్ పెట్టుకుంటే తర్వాత చిక్కు తప్పదు. సెర్బియన్‌ను సిరిలిక్ లిపిలోనూ లాటిన్ లిపిలోనూ రాస్తారు. చైనీస్‌కు సరళీకృత, సంప్రదాయ లిపులు వేర్వేరు. బ్రెజిల్ పోర్చుగీసుకూ పోర్చుగల్ పోర్చుగీసుకూ మధ్య సందేశాలలోనే తెలిసిపోయేంత తేడా ఉంది.

ఒకే భాషకు పాత, కొత్త కోడ్‌లు రెండూ చలామణిలో ఉండడం మరో చిక్కు. జావా ప్రోగ్రామింగ్ భాష చాలా కాలం హీబ్రూ, ఇండోనేషియన్, యిడ్డిష్ భాషలకు పాత కోడ్‌లనే ఇచ్చేది. 2021లో వచ్చిన జావా వెర్షన్ జేడీకే 17తో అది మారింది. ఒక వైపు పాత కోడ్, మరో వైపు కొత్త కోడ్ ఉంటే అనువాదం ఉండి కూడా దొరకదు. హైఫన్ బదులు అండర్‌స్కోర్ వాడే వ్యవస్థలతోనూ ఇదే ఇబ్బంది. ట్యాగ్ మీ వ్యవస్థలోకి వచ్చే ప్రతి ద్వారం దగ్గరా దాన్ని ఒకే రూపానికి తెచ్చాకే లోపలికి రానివ్వాలి.

కోరిన భాషలో అనువాదం లేనప్పుడు ఏ భాషలో చూపించాలి?

ముందుగా అదే భాషకు దగ్గరి రూపం ఉందేమో చూడాలి. 2006 నాటి ఆర్ఎఫ్‌సీ 4647లో దీనికి ఒక పద్ధతి ఉంది: ట్యాగ్‌లో కుడివైపు నుంచి ఒక్కో భాగాన్నీ తీసేస్తూ, మిగిలినదానికి అనువాదం ఉందేమో వెతకడం. చాలా భాషలకు ఇది చక్కగా పనిచేస్తుంది. చైనీస్‌కు మాత్రం పనిచేయదు. సంప్రదాయ లిపి కోరినవారి ట్యాగ్‌లోంచి లిపి భాగాన్ని తీసేస్తే మిగిలేది ఒట్టి చైనీస్. దాని కింద సాధారణంగా ఉండేది సరళీకృత లిపి. యూనికోడ్ సంస్థ నిర్వహించే సీఎల్‌డీఆర్ భాషా సమాచార నిధిలో ఇందుకోసమే మాతృ లొకేల్‌ల పట్టిక ఉంది (లొకేల్ అంటే ఒక భాషకు, ప్రాంతానికి చెందిన అమరికల సమూహం). అందులో సంప్రదాయ చైనీస్‌కు మాతృక చైనీస్ కాదు, ఏ భాషకూ చెందని మూల లొకేల్. మెక్సికో స్పానిష్ మొదట లాటిన్ అమెరికా స్పానిష్‌కు, ఆ తర్వాతే స్పానిష్‌కు వెళుతుంది. ఈ తర్కాన్ని సొంతంగా రాసుకోవడం కంటే ఆ పట్టికను వాడే లైబ్రరీని తెచ్చుకోవడం మంచిది.

దగ్గరి రూపం లేకపోతే వినియోగదారు జాబితాలోని రెండో భాష, తర్వాత మూడో భాష, చివరిగా ఉత్పత్తి అప్రమేయ భాష. పొరుగు భాష కదా, అర్థమవుతుందిలే అని వారి తరఫున మీరు అనుకోకూడదు. చదవగలగడం వేరు, అది తన భాషగా చూపిస్తే ఒప్పుకోవడం వేరు. వారు స్వయంగా జాబితాలో పెట్టని భాషను వారి మీద రుద్దితే నొచ్చుకునేవారు ఉంటారు, నొచ్చుకోవడం న్యాయం కూడా.

శీర్షిక తెలుగులో, కింది వాక్యం ఇంగ్లీషులో వస్తోంది. ఎందుకు?

చాలా అనువాద లైబ్రరీలు ఒక్కో వాక్యాన్నీ విడిగా చూస్తాయి. ఉదాహరణకు గెట్‌టెక్స్ట్, అనువాదం దొరకని వాక్యాన్ని మూల భాషలో ఉన్నది ఉన్నట్టుగా తిరిగి ఇస్తుంది. కాబట్టి శీర్షికకు అనువాదం ఉండి, కింది వాక్యానికి లేకపోతే, ఒకే నోటిఫికేషన్‌లో రెండు భాషలు కలుస్తాయి. బటన్లు మూడో దారి పట్టినా ఆశ్చర్యం లేదు.

శీర్షిక, వాక్యం, బటన్లు కలిపి ఒకే కట్టగా చూడాలి. కట్టలో ఏ ఒక్క భాగానికి అనువాదం లేకపోయినా మొత్తం కట్టను తర్వాతి భాషలో చూపించాలి. తెలుగు చదివి మొదలుపెట్టినవారు మధ్యలో తెలియని భాషలోకి జారిపడడం కంటే, మొదటి నుంచీ తమ రెండో భాషలో చదవడం తక్కువ ఇబ్బంది. అన్నిటికంటే మంచి పని, అనువాదాలు సిద్ధమయ్యేదాకా కొత్త రకం నోటిఫికేషన్‌ను ఆ భాషల వారికి విడుదల చేయకపోవడం.

సందేశ పాఠాన్ని సర్వర్‌లో తయారుచేయాలా, ఫోనులో తయారుచేయాలా?

రెండు దారులూ ఉన్నాయి. ఆపిల్ పుష్ సేవలోనూ, ఆండ్రాయిడ్‌కు వాడే ఫైర్‌బేస్ సేవలోనూ, పాఠానికి బదులు ఒక కీ (ఏ సందేశమో తెలిపే గుర్తింపు పేరు), దానిలో నింపవలసిన విలువలు మాత్రమే పంపవచ్చు. ఫోను తన భాషలోని అనువాదాన్ని యాప్‌లోంచి తీసుకుని వాక్యం చేస్తుంది. భాష ఏదో సర్వర్‌కు తెలియనవసరం లేదు, ఫోను భాష మారిన మరుక్షణం నోటిఫికేషన్ల భాషా మారుతుంది. కాని ఆ కీ యాప్‌లో ఉండాలి. కొత్త రకం సందేశం మొదలుపెట్టిన రోజున, యాప్‌ను ఏడాదిగా అప్‌డేట్ చేయనివారి ఫోనులో ఆ కీ ఉండదు. అనువాదంలో ఒక తప్పు దిద్దాలన్నా కొత్త వెర్షన్ విడుదల చేయవలసిందే.

సర్వర్‌లో తయారుచేస్తే దిద్దుబాట్లు వెంటనే అమలవుతాయి, పాత వెర్షన్లకూ కొత్త సందేశాలు చేరతాయి. అయితే ఫోను భాష సర్వర్‌కు తెలియాలి. యాప్ తెరిచిన ప్రతిసారీ, పరికర టోకెన్‌తోపాటు (ఆ ఫోనుకు సందేశం చేర్చే గుర్తింపు సంకేతం) ప్రస్తుత భాషను కూడా సర్వర్‌కు పంపడం ఇందుకు సరైన పద్ధతి. ఇన్‌స్టాల్ చేసిన రోజున ఒక్కసారి పంపి ఊరుకుంటే చాలదు. ఈమెయిల్, ఎస్సెమ్మెస్‌లకు ఎలాగూ సర్వరే గతి కాబట్టి, అన్నిటికీ ఒకే చోట నిర్ణయం జరిగేలా సర్వర్ దారినే మేము సిఫార్సు చేస్తాం.

పొడవు విషయంలో ఒక హెచ్చరిక. ఈ రెండు సేవలలోనూ సాధారణ సందేశపు పేలోడ్‌కు, అంటే అందులో పంపే డేటాకు, 4096 బైట్ల పరిమితి ఉంది. యూటీఎఫ్-8 సంకేత పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ పాయింటుకు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్యకు) మూడు బైట్లు పడతాయి. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒకే అక్షరం. దానిలో స, విరామం (పొల్లు గుర్తు), త, విరామం, ర, ఈత్వం కలిపి ఆరు కోడ్ పాయింట్లు, అంటే 18 బైట్లు ఉన్నాయి. పొడవైన పాఠాన్ని బైట్ల లెక్కన కత్తిరిస్తే అక్షరం మధ్యలో తెగి పెట్టెలు, ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. కోడ్ పాయింట్ల లెక్కన కత్తిరించినా ‘స్త్రీ’ కాస్తా ‘స్త్’గా మిగలవచ్చు. కంటికి ఒకే అక్షరంగా కనిపించే అక్షర సముదాయాల లెక్కన కత్తిరించాలి; తెలుగు సంయుక్తాక్షరాలను విడదీయకూడదన్న నియమం యూనికోడ్‌లో 2023 నాటి 15.1 వెర్షన్‌తో చేరింది కాబట్టి, మీ లైబ్రరీ అంతకంటే పాతదేమో చూసుకోవాలి.

కంప్యూటర్‌లో వెనక నడిచే సేవ పంపే నోటిఫికేషన్లు ఎప్పుడూ ఇంగ్లీషులోనే వస్తున్నాయి. ఏం చేయాలి?

లినక్స్ వంటి వ్యవస్థలలో బూట్ సమయంలో మొదలయ్యే సేవకు ఏ వినియోగదారు పరిసరాలూ తెలియవు. అది చాలాసార్లు ‘సీ’ అనే మూల లొకేల్‌లో నడుస్తుంది, అంటే అనువాదమే ఉండదు. సేవకు ఏదో ఒక భాషను కాన్ఫిగర్ చేయడం పరిష్కారం కాదు, ఎందుకంటే ఒకే కంప్యూటర్ మీద ఇద్దరు వేర్వేరు భాషలలో పనిచేస్తూ ఉండవచ్చు.

సేవ తానుగా వాక్యాలు తయారుచేయకూడదు. జరిగిన ఘటన కోడ్‌ను, విలువలను డీ-బస్ (ప్రోగ్రాముల మధ్య సందేశాలను చేరవేసే వ్యవస్థ) వంటి మార్గంలో పంపాలి. వినియోగదారు సెషన్‌లో నడిచే చిన్న ప్రోగ్రాము వాటిని అందుకుని, ఆ వినియోగదారు భాషలో వాక్యం చేసి డెస్క్‌టాప్‌కు ఇవ్వాలి. విండోస్‌లో కూడా విస్టా నుంచీ సేవలను వినియోగదారుల సెషన్ల నుంచి వేరుచేశారు కాబట్టి అక్కడా ఇదే పద్ధతి నప్పుతుంది.

సెషన్‌లోని ప్రోగ్రాము భాషను చదివేటప్పుడు వరుస తెలిసి ఉండాలి: సెషన్ పరిసరాలలో ఎల్‌సీ-ఆల్ (LC_ALL) అనే చలరాశి ఉంటే అదే చెల్లుతుంది, లేకపోతే సందేశాలకు ప్రత్యేకించిన ఎల్‌సీ-మెసేజెస్ (LC_MESSAGES), అదీ లేకపోతే లాంగ్ (LANG). గ్నూ గెట్‌టెక్స్ట్‌లో వీటన్నిటికంటే ముందు లాంగ్వేజ్ (LANGUAGE) అనే చలరాశిలోని భాషల జాబితాను చూస్తారు, అయితే లొకేల్ ‘సీ’ అయినప్పుడు దాన్ని పట్టించుకోరు. సొంతంగా ఒక్క లాంగ్‌ను మాత్రమే చదివే ప్రోగ్రాములు తప్పు భాషలో మాట్లాడేది ఈ వరుసను దాటవేయడం వల్లనే.

సంఖ్యలు, పేర్లు వాక్యంలో కలిసినప్పుడు వ్యాకరణం చెడిపోతోంది. ఎలా సరిచేయాలి?

భాషను సరిగ్గా ఎంచుకుని కూడా, ఆ భాష నియమాలకు చోటివ్వని వాక్యంలో దాన్ని ఇరికిస్తే ఫలితం దక్కదు. సంఖ్య ఒకటైతే ఒక వాక్యం, కాకపోతే మరో వాక్యం అన్న తర్కం తెలుగుకు సరిపోతుంది గాని అన్ని భాషలకూ సరిపోదు. సీఎల్‌డీఆర్ ఏకవచన, బహువచన నియమాలలో ఆరు వర్గాలున్నాయి. అరబిక్ ఆరింటినీ వాడుతుంది, రష్యన్ నాలుగింటిని, జపనీస్ ఒక్కదాన్నే. ఐసీయూ మెసేజ్‌ఫార్మాట్, గెట్‌టెక్స్ట్ వంటి లైబ్రరీలు ఈ తేడాలను చూసుకోగలవు. మీరు చేయవలసిందల్లా వాక్యాన్ని ముక్కలుగా కాకుండా పూర్తిగా అనువాదకులకు ఇవ్వడం.

తెలుగులో అసలు చిక్కు విభక్తులతో వస్తుంది. పేరు పక్కన ‘కు’ అని స్థిరంగా రాసేస్తే ‘సుధకు’ బాగుంటుంది, ‘రవికు’ బాగుండదు. అక్కడ ‘కి’ రావాలి. వస్తువు పేరు పక్కన ‘ను’ చేరిస్తే ‘ఫైలును’ సరే, ‘చిత్రంను’ తప్పు, ‘చిత్రాన్ని’ అనాలి. ఇక మనుషులను లెక్కించేటప్పుడు ‘5 మంది’ సహజం, ‘1 మంది’ అసహజం. కాబట్టి మారే పదం ప్రథమా విభక్తిలో, విడిగా నిలబడేలా వాక్యాన్ని మలచాలి. ‘రవికి మీ ఫైలు నచ్చింది’ అనే బదులు ‘మీ ఫైలును మెచ్చినవారు: రవి’ అనవచ్చు.

క్రియ మరో సంగతి చెబుతుంది. ‘పంపాడు’, ‘పంపింది’ అన్న తేడా తెలియాలంటే పంపినవారు ఆడో మగో తెలియాలి. గౌరవ రూపమైన ‘పంపారు’ ఆ ఇబ్బందిని చక్కగా దాటిస్తుంది. కాని అదే వాక్యంలోకి మనిషి పేరుకు బదులు ఒక యంత్ర సేవ పేరు వస్తే ‘బ్యాకప్ సేవ నివేదిక పంపారు’ అని వికారంగా తయారవుతుంది. అందుచేత మనుషులు చేసిన పనులకూ, వ్యవస్థ తానుగా చేసిన పనులకూ మూల భాషలో ఒకే వాక్యం సరిపోయినా, రెండు వేర్వేరు కీలు ఉంచాలి. ఈ తేడా తెలుగు అనువాదకులు అడిగితే, దాన్ని చాదస్తంగా కొట్టిపారేయకండి.

తేదీలు, సమయాలు, అంకెలు కూడా భాషలో భాగమేనా?

అవును, కాని భాష ఒక్కటే వాటిని నిర్ణయించదు. 03/04 అంటే కొందరికి మార్చి 4, కొందరికి ఏప్రిల్ 3. నోటిఫికేషన్‌లో నెల పేరును అక్షరాలలో రాస్తే ఈ సందిగ్ధం ఉండదు. సమయం ఎప్పుడూ అందుకునేవారి టైమ్ జోన్‌లో ఉండాలి. తెలుగుకు సొంత అంకెలు ఉన్నా సీఎల్‌డీఆర్ తెలుగు లొకేల్‌లో అప్రమేయంగా వచ్చేవి 1, 2, 3 అంకెలే. పెద్ద సంఖ్యలను 12,34,567 అని లక్షల పద్ధతిలో విడదీస్తారు. వీటిని చేత్తో రాయకుండా లైబ్రరీకి వదిలేయాలి.

తెలుగు ఎస్సెమ్మెస్ ఎందుకు ఎక్కువ భాగాలుగా విడిపోతోంది?

లాటిన్ అక్షరాల ఎస్సెమ్మెస్‌లో ఏడు బిట్ల పద్ధతిన 160 అక్షరాలు పడతాయి. ఆ పట్టికలో లేని అక్షరం ఒక్కటి చేరినా సాధారణంగా మొత్తం సందేశం 16 బిట్ల పద్ధతికి మారి, పరిమితి 70కి పడిపోతుంది. అంతకు మించితే భాగాలుగా విడిపోయి ఒక్కో భాగంలో 67 మాత్రమే పడతాయి. గుణింతపు గుర్తులు, విరామాలు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి 150 కోడ్ పాయింట్ల తెలుగు సందేశం మూడు భాగాలవుతుంది.

ఖర్చు తగ్గించడానికి తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాసి పంపడం సరైన పని కాదు, వినియోగదారు అలా కోరితే తప్ప. ముందు సందేశాన్ని కుదించండి. పలకరింపులు, సంస్థ నినాదాలు తీసేస్తే చాలా సందేశాలు రెండు భాగాలలోకి వస్తాయి. ఓటీపీ అయితే అంకెలు మొదట రావాలి.

భద్రతా హెచ్చరికలకు, అత్యవసర సమాచారానికి వేరే నియమం ఉందా?

ఉండాలి. ఒక నోటిఫికేషన్‌కు ఒకే భాష అన్న నియమాన్ని మీరదగిన చోటు ఇదే. ఎవరో ఖాతాను చేజిక్కించుకుని మొదటి పనిగా భాషను మార్చేస్తే, ఆ తర్వాతి హెచ్చరికలన్నీ అసలు ఖాతాదారుకు అర్థంకాని భాషలో వెళతాయి. అందుకని భాష మార్పును తెలిపే సందేశాన్ని, ఆ తర్వాత కొన్ని రోజుల పాటు పాస్‌వర్డ్ మార్పు వంటి హెచ్చరికలను పాత భాషలోనూ కొత్త భాషలోనూ కలిపి పంపడం మంచిది.

ప్రజలకు పంపే విపత్తు హెచ్చరికలకు వాడే కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ ఈ అవసరాన్ని ముందే గుర్తించింది. 2010లో ప్రమాణాల సంస్థ ఓయాసిస్ ఆమోదించిన దాని 1.2 వెర్షన్‌లో ఒకే హెచ్చరికలో భాషకొక్క సమాచార భాగం చొప్పున పెట్టవచ్చు. అయితే భాషను పేర్కొనకపోతే అమెరికా ఇంగ్లీషు అనే భావించాలని అందులో ఉంది. తెలుగు పాఠాన్ని పెట్టి భాషా ట్యాగ్‌ను మరచిపోతే, అందుకున్న వ్యవస్థ దాన్ని ఇంగ్లీషుగానే లెక్కించి తెలుగు కోరినవారికి చూపించకపోవచ్చు.

వినియోగదారు భాష మార్చుకుంటే పాత నోటిఫికేషన్లు కూడా మారాలా?

యాప్‌లో కనిపించే నోటిఫికేషన్ల జాబితా మారాలి. అందుకోసం డేటాబేస్‌లో తయారైన వాక్యాన్ని కాకుండా, సందేశపు కీని, విలువలను భద్రపరచి, చూపించే క్షణాన వాక్యం చేయాలి. పంపేసిన ఈమెయిళ్లు, ఎస్సెమ్మెస్‌లు మారవు. చెల్లింపులు, ఒప్పందాల వంటి విషయాలలో, ఏ రోజున ఏ వాక్యాన్ని ఏ భాషలో పంపారో ఉన్నది ఉన్నట్టుగా విడిగా దాచి ఉంచాలి. తర్వాత వివాదం వస్తే చూపించవలసింది ఆ వాక్యాన్నే. వాడుకలో లేని కీల అనువాదాలను తొందరపడి తీసేయకండి, పాత జాబితాలు వాటి మీదే ఆధారపడి ఉంటాయి.

లాగ్‌లను కూడా వినియోగదారు భాషలో రాయాలా?

అవసరం లేదు. లాగ్‌ను చదివేది నిర్వాహకులు, దాన్ని వెతికేది యంత్రాలు. అది ఒకే భాషలో, మారని ఎర్రర్ కోడ్‌లతో ఉండాలి. అదే కోడ్‌ను వినియోగదారు నోటిఫికేషన్ చివర కూడా చూపిస్తే, సహాయ కేంద్రం వారికి తెలుగు రాకపోయినా సమస్య ఏదో పట్టుకోగలుగుతారు. అనువదించిన పాఠంలో పదాలను వెతికి నిర్ణయం తీసుకునే కోడ్‌ను మాత్రం ఎన్నడూ రాయకండి.

తెరను చదివి వినిపించే సాధనాల కోసం ఏం చేయాలి?

వెబ్ పుటలలో, ఈమెయిళ్లలో పాఠం ఏ భాషలో ఉందో హెచ్‌టీఎంఎల్ లాంగ్ ఆట్రిబ్యూట్‌లో చెప్పాలి. వెబ్ సౌలభ్య మార్గదర్శకాలలో పుట భాషను తెలపడం ‘ఏ’ (A) స్థాయి నియమం, మధ్యలో వచ్చే వేరే భాషా భాగాలను తెలపడం ‘డబుల్-ఏ’ (AA) స్థాయి నియమం. ఈమెయిల్ టెంప్లేట్‌లో ఇంగ్లీషు అని స్థిరంగా రాసి ఉంటే, ఇంగ్లీషు గొంతు తెలుగును చదవలేక తడబడుతుంది, లేదా పూర్తిగా వదిలేస్తుంది. పాఠాన్ని ఏ భాషలో తయారుచేశారో ఆ ట్యాగే అక్కడికి చేరాలి. కోరిన భాష తెలుగై, అనువాదం లేక ఇంగ్లీషులో చూపిస్తుంటే అక్కడ ఇంగ్లీషు అనే ఉండాలి.

కుడి నుంచి ఎడమకు రాసే భాషల వాక్యంలో తెలుగు పేరు వస్తే వరుస తారుమారవుతోంది. దారి ఏమిటి?

విలువకు ముందు, వెనక యూనికోడ్ ఐసొలేట్ గుర్తులు చేర్చండి. ఇవి 2013 నాటి యూనికోడ్ 6.3తో వచ్చాయి. లోపల ఏ దిశ పాఠమున్నా చుట్టూ ఉన్న వాక్యం వరుసను అవి చెడనివ్వవు.

ఇవన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయని ఎలా పరీక్షించాలి?

వేర్వేరు భాషలలో రెండు పరీక్ష ఖాతాలు పెట్టుకోండి; వాటిలో ఏదీ సర్వర్ అప్రమేయ భాషలో ఉండకూడదు. మొదటి ఖాతాతో పని చేసి రెండో ఖాతాకు ఏం చేరిందో చూడండి, తర్వాత తిరగేసి చేయండి. ఒకే వర్కర్ ద్వారా రెండు భాషల పనులను వెంటవెంటనే పంపి, ఒకదాని భాష మరొకదానికి అంటుకోలేదని నిర్ధారించుకోండి. క్యూలో సందేశం వేచి ఉండగా ఖాతా భాషను మార్చి, కొత్త భాషలోనే వెళ్లిందో లేదో గమనించండి. ఆండ్రాయిడ్‌లో పరీక్ష కోసం రెండు కృత్రిమ లొకేల్‌లు ఉన్నాయి. ఒకటి ఇంగ్లీషు అక్షరాలకు గుర్తులు తగిలించి పొడవు పెంచుతుంది, రెండోది దిశను తిప్పుతుంది. వాటిలో నడిపినప్పుడు మామూలు ఇంగ్లీషులో మిగిలిపోయిన ప్రతి వాక్యమూ అనువాదానికి ఇవ్వని వాక్యమే.

విడుదల తర్వాత, పంపిన ప్రతి నోటిఫికేషన్‌కూ కోరిన భాష, నిజంగా వాడిన భాష రెండింటినీ నమోదు చేయండి. ఆ రెండూ వేరైన సందర్భాలను నోటిఫికేషన్ రకాల వారీగా లెక్కగడితే, తర్వాత ఏ సందేశాన్ని ఏ భాషలోకి ముందుగా అనువదించాలో ఆ పట్టికే చెబుతుంది.